ఈదాలి... తొక్కాలి... ఉరకాలి!

మూడు ఆటలు, ఒకటే పోటీ. పేరు ట్రయథ్లాన్. కరీంనగర్‌లో ఇంటిల్లిపాదీ సరదాగా మొదలుపెడితే అసలు పరీక్ష నీళ్ల దగ్గర ఎదురైంది.

'సైకిల్ తొక్కుడు నాకియ్యుండ్రి' అన్నాడు మా బావ. 'ఉరుకుడు నాది' అన్నాను నేను. మరి ఈతో? అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి ఇంటర్ చదివే మా మేనల్లుడు చెయ్యెత్తాడు. వాడొక్కడే ఆ ఇంట్లో ఈత నేర్చుకున్నవాడు.

దసరాకు కరీంనగర్‌లో అక్కావాళ్లింట్లో కలిసినప్పటి ముచ్చట ఇది. బెల్లంపల్లి నుంచి వచ్చిన నా మిత్రుడు, సింగరేణి ఉద్యోగి, ఈ ఆలోచన తెచ్చాడు. 2019 అక్టోబరులో గోవాలో మొదటిసారి ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ జరిగినప్పటి నుంచి అతనికి అదే ధ్యాస. అంత దూరం మనవల్ల కాదు గానీ, చిన్నది మనకు మనమే పెట్టుకుందాం అన్నాడు. కప్పులూ పతకాలూ లేవు. ఆఖరున వచ్చినవాళ్లు అందరికీ టిఫిన్ పెట్టించాలి, అంతే.

ట్రయథ్లాన్ అంటే ముందు ఈత, వెంటనే సైకిల్, ఆ వెంటనే పరుగు. మధ్యలో గడియారం ఆగదు. తడి ఒంటితో బూట్లు తొడుక్కునే సమయమూ లెక్కలోకే వస్తుంది. ఒక్కరే మూడూ చేయొచ్చు, లేదా ముగ్గురు జట్టుగా తలా ఒకటి పంచుకోవచ్చు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరిన పోటీకి ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సగం దూరాన్ని 'స్ప్రింట్' అంటారు. 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు. మేం పెట్టుకున్నది అదే.

పదిహేనుమందితో మొదలు

ఈ ఆట పుట్టిందే స్నేహితుల మధ్య. 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్‌డియాగోలో ఒక పరుగుల క్లబ్బువాళ్లు మార్పు కోసమని మొదటి ట్రయథ్లాన్ పెట్టుకున్నారు. నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ అందులో పాల్గొన్నారు. తర్వాత వాళ్లు హవాయి దీవులకు వెళ్లారు. ఈతగాడు గట్టివాడా, సైకిల్ తొక్కేవాడా, పరుగెత్తేవాడా అని అక్కడ వాదన వచ్చింది. తేల్చడానికి మూడు పెద్ద పోటీలనూ కలిపి ఒక్కటి చేశారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన పూర్తి మారథాన్. సైకిల్ భాగం ఎంతో తెలియాలంటే, హైదరాబాద్‌లో బయల్దేరి కరీంనగర్ చేరి, ఊరు దాటి ఇంకా ముందుకు పోవాలి!

1978 ఫిబ్రవరి 18న జరిగిన ఆ మొదటి ఐరన్‌మ్యాన్‌లో 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తి చేశారు. గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. ఎవరి నీళ్లూ తిండీ వాళ్ల మనుషులే వెంట తేవాలి. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్బర్ మనుషుల దగ్గర నీళ్లు అయిపోయి, చివర్లో బీరు అందించారట. మా బావకు ఈ కథలో ఇదొక్కటే బాగా గుర్తుండిపోయింది.

ఘాట్ రోడ్డు మీద ఇటుక కాళ్లు

డిసెంబరులో నిర్మల్ వెళ్లాం. మహబూబ్ ఘాట్ ఎక్కితే సైకిల్ సంగతి తేలిపోతుందని మిత్రుడి నమ్మకం. ఆదిలాబాద్ చలి తెలిసిందే కదా, కొన్ని రోజుల్లో ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగుతుంది. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు కొంకర్లు పోయాయి. బావ పాత సైకిల్‌కు గేర్లు లేవు. మూడో మలుపు దగ్గర దిగి నడిపించాడు. వెనక నుంచి వచ్చే లారీలకు దారివ్వడానికి ఆగినప్పుడల్లా మళ్లీ ఎక్కడం ఒక గండం.

పైకి చేరాక సైకిళ్లు పక్కన పెట్టి పరుగెత్తమన్నాడు మిత్రుడు. నా పని నిజంగా అయిపోయిందక్కడ. అంతసేపు గుండ్రంగా తిరిగిన కాళ్లకు ఒక్కసారిగా నేల మీద అడుగు వేయడం రాదు. పిక్కలు బిగుసుకుపోతాయి. సైకిల్ దిగీ దిగగానే పరుగెత్తే ఈ సాధనను 'బ్రిక్' అంటారు, అంటే ఇటుక. కాళ్లకు ఇటుకలు కట్టినట్టు ఉంటుందని ఆ పేరని కొందరంటారు. నేను ఒప్పుకుంటాను.

అక్కడి నుంచి కుంటాల జలపాతానికి వెళ్దామన్నారు పిల్లలు. వెళ్లాం, దూరం నుంచి చూశాం. కింద గుండంలో కాలు పెట్టనివ్వలేదు మిత్రుడు. 'ఈతచ్చినోళ్లే పోయిండ్రు గీడ' అన్నాడు. ఆ మాటతో ఎవరూ మారు మాట్లాడలేదు. తిరిగి వస్తుంటే కారులో అక్క అంది, 'జట్టుల నేను లేను. బట్టలకు కావలుండెటందుకు నేను రాను. నేను కూడా ఈత నేర్చుకుంట.'

బతుకమ్మను వదిలే చేతులు

అక్కకు 42 ఏళ్లు. నీళ్లంటే చచ్చేంత భయం. ఆ భయానికి కారణముంది. ఏడో తరగతిలో ఆమె పక్కన కూర్చునే అమ్మాయి సెలవుల్లో చెరువులో బట్టలు ఉతకడానికి వెళ్లి, జారిన చీరె కోసం రెండడుగులు ముందుకేసి మళ్లీ రాలేదు. ఆ ఏడు బతుకమ్మకు మా అమ్మ అక్కను చెరువు మెట్లు దిగనివ్వలేదు.

ఆలోచిస్తే వింతే. మన దగ్గర ఏటా తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి, ఆడి పాడి, నీళ్లలో దిగి సాగనంపేది ఆడవాళ్లే. వాళ్లలో ఈత వచ్చినవాళ్లు ఎందరు? ఊళ్లో మగపిల్లలకైతే బావి ఉండేది. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, ఖాళీ నూనె డబ్బానో కట్టి తోసేవాళ్లు. నాలుగు రోజుల్లో చేపపిల్లలు. ఇప్పుడా బావులు చాలాచోట్ల బోర్లకు దారిచ్చి పూడిపోయాయి. మానేరు డ్యామ్ నిండా నీళ్లున్నా అది ఈత నేర్చుకునే చోటు కాదు. కొలనుకు డబ్బు కట్టాలి, వేళ కుదరాలి, ఆడవాళ్లకు వేరే బ్యాచ్ ఉండాలి.

మార్చిలో ఒక కొలనులో ఉదయం ఆడవాళ్ల బ్యాచ్ దొరికింది. నేర్పే ఆవిడ మొదటి వారమంతా ఈదమనలేదు. నడుం లోతు నీళ్లలో నిలబడి, మొహం ముంచి, ముక్కుతో గాలి వదలమంది. అంతే. ఊపిరి బిగబట్టేవాళ్లే తొందరగా అలిసి భయపడతారట. రెండో వారం గోడ పట్టుకుని తేలడం. గోడ వదలడానికి అక్కకు మరో పదిరోజులు పట్టింది. 'వదుల్తుంటే ఆ పిల్ల మొహమే కండ్ల ముందట కొస్తుండె' అని తర్వాతెప్పుడో నాతో చెప్పింది.

నేను ఆమెకు డిక్ హోయట్ కథ చెప్పాను. అమెరికాలో పుట్టుకతోనే కదల్లేని కొడుకు రిక్‌ను చక్రాల కుర్చీలో తోసుకుంటూ పరుగు పందాలకు వెళ్లిన తండ్రి. ట్రయథ్లాన్ చేయమని ఎవరో అడిగేనాటికి ఆయనకు నలభై దాటాయి, ఈత రాదు. నేర్చుకున్నాడు. కొడుకును రబ్బరు పడవలో పడుకోబెట్టి, తాడు తన ఒంటికి కట్టుకుని ఈదాడు. మన హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల కూడా నడివయసులోనే ఈత మొదలుపెట్టి, 2021 మార్చిలో శ్రీలంక నుంచి రామేశ్వరం వైపు పాక్ జలసంధిని ఈదారు. అక్క అంతా విని, 'వాళ్ల సంగతి సరే, నాకు కాళ్లు కొట్టుడు వస్తలేదు కదా' అంది.

అయినా అన్నీ ధైర్యం మాటలే చెప్పకూడదు. 2010లో అమెరికా వైద్య పత్రిక 'జామా'లో ఒక అధ్యయనం వచ్చింది. 2006 నుంచి 2008 దాకా అక్కడి ట్రయథ్లాన్లలో 14 మంది చనిపోతే 13 మంది ఈత భాగంలోనే పోయారు. పాల్గొన్నది తొమ్మిదిన్నర లక్షలకు పైనే కాబట్టి ప్రమాదం అరుదే. కానీ నీళ్లలో గుండె పట్టేస్తే ఆగి కూర్చోవడానికి చోటుండదు. అందుకే మేం నలభై దాటిన ఇద్దరికీ ముందుగా గుండె పరీక్షలు చేయించాం. ఈత చెరువులో వద్దు, కొలనులోనే, ఒడ్డున ఒకరు కాపలా ఉండాలి అనుకున్నాం.

ఇంట్లో అక్క అత్తగారు మాత్రం రోజూ గొణిగేది. 'గీ వయసుల నీకు ఈతెందుకు బిడ్డా?' మే నెలలో ఒకనాడు అదే మాటకు అక్క విసుక్కుంటే, ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది. 'నాకచ్చు. మా బాపు బుర్ర కట్టి బాయిల దించిండు. లగ్గమైనంక దిగలె.' బావ చేతిలో పేపరు జారిపోయింది. ఆ కొడుక్కి యాభయ్యేళ్లు దగ్గరపడుతున్నాయి, తల్లికి ఈత వచ్చని ఆరోజే తెలిసింది.

డ్యామ్ కట్ట మీద

మళ్లీ దసరా సెలవులు వచ్చాయి. తెల్లవారి ఆరింటికి కొలనులో మొదలు. పాతిక మీటర్ల కొలను కాబట్టి ముప్పై సార్లు అటూ ఇటూ. మేనల్లుడు పదిహేడు నిమిషాల్లో ముగించి బావకు చెయ్యి తాకించాడు. మిత్రుడు, అక్క ఒంటరిగా మూడూ చేసేవాళ్లు. అత్తగారు కుర్చీ వేయించుకుని అక్క ఎన్నిసార్లు తిరిగిందో చిక్కుడు గింజలతో లెక్కపెట్టింది. ఒక్కో రౌండుకు ఒక్కో గింజ పళ్లెంలోకి. పంతొమ్మిదో గింజ దగ్గర అక్క గోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. మళ్లీ మొహం ముంచింది. ముప్పైకి 38 నిమిషాలు.

పల్లె రోడ్ల మీద సైకిల్ భాగంలో బావ గొలుసు రెండుసార్లు ఊడింది. ఆ తర్వాత డ్యామ్ కట్ట మీద పరుగు, అటు రెండున్నర, ఇటు రెండున్నర కిలోమీటర్లు. ఉదయపు నడకకు వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి పక్కకు జరిగారు. మిత్రుడు అందరికన్నా ముందు, మా జట్టు వెనకాల. చివరి కిలోమీటరు నేను పరుగెత్తానని చెప్పుకోలేను.

అక్క వచ్చేసరికి ఎండ ఎక్కింది. మొత్తం 2 గంటల 41 నిమిషాలు. వచ్చి కట్ట మీద కూలబడి, తడిసిన జడ పిండుకుంటూ నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. టిఫిన్ పందెం ఓడిందని పిల్లలు గోల చేస్తుంటే, అత్తగారు దగ్గరికొచ్చి మంచినీళ్ల సీసా అందించింది.

'నీళ్లల్ల మంచిగనే ఉన్నవ్' అంది. 'ఉరుకుడే రాలె.'