ఎనిమిదిన్నర గంటలా, ఒక రాత్రా?

2023 సంక్రాంతికి సికింద్రాబాద్–విశాఖ మధ్య వందేభారత్ మొదలైంది. దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. అదే విశాఖకు 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు పన్నెండు గంటలు దాటుతుంది. ఆ లెక్కన గోదావరి ఖాళీగా తిరగాలి. తిరగడం లేదు. పండగలప్పుడు అందులో బెర్తు దొరకడం ఇప్పటికీ గగనమే.

బండి ఎన్ని గంటలు నడుస్తుందన్నది రైల్వే లెక్క. తన పగటిపూట ఎంత పోతుందన్నది ప్రయాణికుడి లెక్క. శుక్రవారం ఆఫీసు నుంచి కాస్త ముందుగా బయటపడి నాంపల్లిలో గోదావరి ఎక్కితే, ఖమ్మం దాటాక నడుం వాల్చి, తెల్లారేసరికి విశాఖలో దిగొచ్చు. సెలవు పెట్టక్కర్లేదు, లాడ్జి ఖర్చూ ఉండదు. వందేభారత్‌లో అన్నీ కుర్చీలే. శుభ్రంగా ఉంటుంది, జనరల్ బోగీల తోపులాట ఉండదు, నిజమే. కానీ గోదావరి స్లీపరుకు మూడింతల పైనే టికెట్టు పెట్టి, పగలంతా కూర్చునే వెళ్లాలి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వేగం సంగతి తర్వాత, ముందు లోయరు బెర్తు. 60 నిండిన మగవాళ్లకు, 45 నిండిన ఆడవాళ్లకు కోటా ఉంది. అయితే ఒక్కరో ఇద్దరో వెళ్తేనే అది వర్తిస్తుంది. కొడుకు, కోడలు, మనవడి పేర్లు కూడా అదే టికెట్టులో ఎక్కిస్తే కోటా దక్కదు. మోకాళ్ల నొప్పులతో మిడిల్ బెర్తు ఎక్కలేక మామ్మగారు అవస్థ పడతారు. ఈ కిటుకు తెలిసినవాళ్లు ఆవిడ టికెట్టు విడిగా తీస్తారు.

ఇక కన్ఫర్మ్ అవుతుందా లేదా అన్న బెంగ. ప్రయాణంలో గడిపే నిమిషం కన్నా ఎదురుచూస్తూ గడిపే నిమిషం మనిషికి బరువుగా తోస్తుందని రవాణా ఆర్థికవేత్తలు ఎప్పుడో తేల్చారు. వెయిటింగ్ లిస్టుతో చార్టు కోసం కాచుకున్నవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పాలా? మంచి బండిలో వెయిటింగ్ 12 కన్నా మామూలు బండిలో కన్ఫర్మ్ టికెట్టే నయమని చాలామంది అటే మొగ్గుతారు.

ఇవన్నీ బండి మన ఊళ్లో ఆగితేనే. వందేభారత్ మొదట్లో వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రిలోనే ఆగేది. సామర్లకోట, ఏలూరు తర్వాత చేరాయి. ఆగిన ప్రతిచోటా విశాఖ వెళ్లేవాడికి కొన్ని నిమిషాలు పోతాయి. ఏలూరువాడికి మాత్రం విజయవాడ వెళ్లి బండి మారే పని తప్పుతుంది.