సంగటి ఎరిగిన నోటికి ఇటలీ వంట

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల నుంచి విదేశాలకు సాగే దీర్ఘ ప్రయాణాలలో రెండు రకాలు ముఖ్యమైనవి: అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరో కూతురు దగ్గరో నెలల తరబడి ఉండివచ్చే తల్లిదండ్రుల ప్రయాణం ఒకటి, బృందంగా ఐరోపా దేశాలు చుట్టివచ్చే యాత్ర మరొకటి. వెంట తీసుకుపోయిన కారంపొడి, ఊరగాయ, చెనక్కాయల పొడి ఎంత ఉన్నా, బయట తినక తప్పని పూట ఈ రెండింటిలోనూ వస్తుంది. అటువంటి పూట భారతీయ భోజనశాల దగ్గరలో లేకపోతే ఎక్కువమంది అడుగులు ఇటాలియన్ భోజనశాల వైపు పడతాయి, ఎందుకంటే గోధుమ, టమాట, వెల్లుల్లి, మిరప అనే నాలుగు తెలిసిన సరుకులు అక్కడ దొరుకుతాయన్న నమ్మకం ఉంటుంది. నమ్మకం సరైనదే గాని, ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి అది ఒక్కటే చాలదు.

తెలుగువారికి ఈ విషయంలో పాత మార్గదర్శి ఒకరున్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి, కడప సీమ మీదుగా కాశీకి వెళ్లి, పదిహేను నెలలు దాటిన తరువాత ఇల్లు చేరారు. ఆ యాత్రను గురించి రాసిన గ్రంథంలో ప్రతి మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో, నీటి వసతి ఎలా ఉందో ఓపికగా నమోదు చేశారు. ఊరి పేరు ప్రతిష్ఠల కంటే అక్కడి అంగడిలో ఏముందో ముందు తెలుసుకోవడం ఆయన పద్ధతి. విదేశీ భోజనశాలను ఎంచుకోవడానికి నేటికీ అంతకంటే మంచి పద్ధతి లేదు: పేరుపలకను కాక వంటింటి సరుకును చూడాలి.

ఇటలీలో భోజనశాలల పేర్లే కొంత సమాచారం ఇస్తాయి. ‘రిస్తొరాంతె’ అంటే వడ్డన లాంఛనాలు, ధర రెండూ ఎక్కువగా ఉండే చోటు. ‘త్రత్తోరియా’ సాధారణంగా ఒక కుటుంబం నడుపుకొనే, ఇంటివంటకు దగ్గరైన భోజనశాల. ‘ఒస్తెరియా’ మొదట్లో ద్రాక్షసారా అమ్మే చోటు, ఇప్పుడు అక్కడా భోజనం దొరుకుతుంది. వండిన పదార్థాలను అద్దాల వెనుక వరుసగా పెట్టి, చూపించినది వడ్డించే ‘తావొలా కాల్దా’ మన మెస్సుకు దగ్గరి చుట్టం. ‘పిజ్జా అల్ తాల్యో’ దుకాణంలో పెద్ద పళ్లెం నుంచి కావలసినంత ముక్క కోసి తూకం వేసి అమ్ముతారు. భాష రానివారికి ఈ చివరి రెండూ మిగిలినవాటి కంటే మేలైనవి, ఎందుకంటే తినబోయేది కంటికి కనిపిస్తుంది, వేలితో చూపిస్తే చాలు. కూర్చొని తినే చోట తలకింత అని ‘కొపెర్తో’ అనే రుసుము చాలాచోట్ల బిల్లులో కలుస్తుంది. అది మెనూ కార్డులో ముందే రాసి ఉండాలి గనుక కూర్చోకముందే చూసుకోవచ్చు.

ప్రొద్దుటూరులో మంచి కారం దోశ తినాలనుకున్నవారు నూరు వంటకాల పట్టిక ఉన్న హోటలుకు వెళ్లరు. పెనం మీద దోశ కాలుతుండగానే ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి ఇచ్చే, ఆ ఒక్క పనిలోనే చేయి తిరిగిన బండి దగ్గరికి వెళతారు. ఈ వివేకాన్నే ఇటలీకీ తీసుకుపోవాలి. ప్రసిద్ధ కట్టడం పక్కనే, ఐదారు భాషల్లో మెనూ అచ్చువేసి, ప్రతి వంటకానికీ రంగుల బొమ్మ పెట్టి, గుమ్మం ముందు మనిషిని నిలిపి పిలిపించే చోట అన్ని ప్రాంతాల వంటలూ దొరుకుతాయి గాని, ఏ ప్రాంతపు వంటా సరిగా దొరకదు. నాలుగైదు వంటకాలే ఉన్న చిన్న మెనూ, మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ నడుమ మూతపడే తలుపు, స్థానికులు కూర్చున్న బల్లలు మేలైన గుర్తులు.

సంగటికి అక్కడొక తోబుట్టువు

ఇటలీ వంట అంటే పిజ్జా, పాస్తా అనుకొని వెళ్లే రాయలసీమ వాసికి ఉత్తర ఇటలీలో ఎదురయ్యే ‘పొలెంత’ నిజమైన ఆశ్చర్యం. మరుగుతున్న ఉప్పునీటిలో మొక్కజొన్న రవ్వను సన్నగా జారవిడుస్తూ, ‘పాయోలో’ అనే రాగి బానలో పొడవైన కట్టెతో ముప్పావు గంటసేపు ఆపకుండా తిప్పి, గట్టిపడ్డాక చెక్కబల్ల మీద ఒక్కసారిగా బోర్లించి, దారంతో ముక్కలుగా కోసే ఈ వంట, ఉడుకుతున్న బియ్యంలో రాగిపిండి పోసి కట్టెతో గెలికి ముద్దలు చేసే సంగటిని ఎరిగినవారికి పరిచయం చేయనక్కరలేనిది. మొక్కజొన్న 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి రాకముందు, ఆ ప్రాంతపు పేదలు చిరుధాన్యాల వంటివాటితో ఈ ముద్ద వండుకున్నారు. తరువాతి కాలంలో మొక్కజొన్న ఒక్కదానినే తిని బతికిన ఉత్తర ఇటలీ రైతుకూలీలకు పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధి వచ్చింది. జొన్నలే ప్రధానాహారమైన దక్కన్ పేదలలోనూ ఆ వ్యాధి ఎందుకు వస్తుందో హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో అన్వేషించింది. రెండు దూరదేశాల పేదల పళ్లేలు ఇంత దగ్గరగా ఉన్నాయన్నది తిండి చరిత్రలో మరువరాని విషయం. పొలెంత ముద్ద పక్కన మాంసపు పులుసు వడ్డించే త్రత్తోరియా, సంగటినీ నాటుకోడి పులుసునూ ఇష్టపడే పులివెందుల వాసికి ఏ ఖరీదైన రిస్తొరాంతె కంటే ఎక్కువ తృప్తినిస్తుంది.

దక్షిణ ఇటలీలో ఈ పోలిక మరో రూపంలో కనిపిస్తుంది. పూల్యా ప్రాంతంలో ఎండు చిక్కుడు పప్పును మెత్తగా ఉడికించి చేదు ఆకుకూరతో కలిపి తినే ‘ఫావె ఎ చికోరియా’ ఆకుకూర పప్పే. సిసిలీ వారు మక్కువతో వండే వంకాయ భారతదేశం వైపు నుంచి అరబ్బుల ద్వారా అక్కడికి చేరింది. ఎండుమిరప, వెల్లుల్లి, ఆలివ్ నూనె తప్ప వేరే ఏమీ పడని ‘ఆల్యో, ఓల్యో ఎ పెపెరొంచీనో’ అనే స్పగెత్తి సప్పగా ఉందన్న ఫిర్యాదుకు అవకాశమివ్వదు.

శాకాహారి చూడవలసినవి

మాంసం ముక్క కనిపించకపోతే శాకాహారమే అనుకోవడం ఇటలీలో పొరపాటు. పాలను గడ్డకట్టించడానికి పాలుతాగే దూడ కడుపు నుంచి తీసే ‘రెనెట్’ అనే పదార్థాన్ని చీజ్ తయారీలో వాడతారు. ఇటాలియన్‌లో దాని పేరు ‘కాల్యో’. సుమారు 550 లీటర్ల పాలతో దాదాపు 40 కిలోల చక్రంగా చేసి, కనీసం 12 నెలలు మాగబెట్టే పార్మిజానో రెజ్జానో చీజ్‌కు దూడ రెనెట్ వాడటం నియమం; కాంపానియా గేదెపాల మొజరెల్లాకూ ఇదే వర్తిస్తుంది. భారతదేశంలో పొట్లాల మీద పచ్చచుక్క చూసి కొనడానికి అలవాటుపడిన ప్రొద్దుటూరు శాకాహార కుటుంబాలలో దీనిని పట్టించుకొనేవారు ఉంటారు, పట్టించుకోనివారూ ఉంటారు. అది వారి ఇష్టం, కాని తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక తినడం వేరు.

పట్టింపు ఉన్నవారికి నేపుల్స్ నగరం చక్కని దారి చూపుతుంది. టమాట, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, ఆలివ్ నూనె మాత్రమే ఉండే ‘మరినారా’ పిజ్జాలో చీజే ఉండదు. నావికుల పేరు మోస్తున్నా చేపా ఉండదు. కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో కాలే నేపుల్స్ పిజ్జాను చేసే కళను యునెస్కో 2017లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. రోమ్ నగరంలో మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి: అక్కడి నాలుగు ప్రసిద్ధ పాస్తాలలో కార్బొనారా, అమత్రిచానా, గ్రిచా మూడింటిలోనూ పంది దవడ మాంసం పడుతుంది, గొర్రెపాల చీజ్, మిరియాలతో చేసే ‘కాచో ఎ పేపె’లో మాత్రమే మాంసం ఉండదు. రిసొత్తోను మాంసపు చారుతో ఉడికించడం, ఫొకాచ్చా రొట్టెలో కొన్నిచోట్ల పందికొవ్వు కలపడం, పన్నా కొత్తాలో జెలటిన్ వేయడం, తిరమిసూలో గుడ్లతో పాటు కొన్నిసార్లు మద్యం కలపడం మామూలే గనుక, పంది మాంసాన్నీ మద్యాన్నీ వర్జించే ముస్లిం ప్రయాణికులు కూడా వీటి గురించి అడిగి తెలుసుకోవాలి. సాధారణ ఎండు పాస్తాను గట్టి గోధుమ రవ్వ, నీటితోనే చేయాలని ఇటలీ చట్టం చెబుతుంది. తాజా పాస్తాలో సాధారణంగా గుడ్లు ఉంటాయి. ఐరోపా సమాఖ్యలో 2014 డిసెంబరు నుంచి భోజనశాలలు కూడా అలర్జీ కలిగించే 14 పదార్థాల సమాచారం ఇవ్వాలి; అందులో గుడ్లు, చేపలు, పాలు ఉన్నాయి, మాంసం లేదు. ఆ పట్టికను శాకాహార ధ్రువపత్రంగా భావించకూడదు.

అమెరికాలో పరిస్థితి వేరు. 1880, 1920 మధ్య 40 లక్షలకు పైగా ఇటాలియన్లు, ఎక్కువగా దక్షిణ ప్రాంతాల పేదలు, అక్కడికి వలసవెళ్లి, చవకగా దొరికిన మాంసంతోనూ చీజ్‌తోనూ తమ వంటను మార్చుకొన్నారు. అది తనదైన రుచి గల వంట, దానిని నకిలీగా చిన్నచూపు చూడనక్కరలేదు. అయితే ఒక మాట దగ్గర పెద్ద ప్రమాదముంది. ఇటాలియన్‌లో ‘పెపెరోని’ అంటే బుట్టమిరప. అమెరికాలో ‘పెప్పరోని’ అంటే పంది, గొడ్డు మాంసాలు కలిపి చేసిన సాసేజ్. మిరపకాయల పిజ్జా అనుకొని పెద్దలు తెప్పించుకోకుండా పిల్లలు ముందే చెప్పి ఉంచాలి. పార్మెజాన్ పేరుతో అక్కడ అమ్మే చీజ్‌కు ఇటలీ నియమాలు వర్తించవు, సూక్ష్మజీవుల నుంచి తీసిన రెనెట్‌తో చేసినవీ ఉంటాయి గనుక పొట్లం చదివి కొనవచ్చు.

అడగడానికి భాష అడ్డం కాదు. ఇటాలియన్ మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, వాటిలోని ద్విత్వాక్షరాలను ఒత్తి పలుకుతారు. అందువల్ల రిసొత్తో, స్పగెత్తి, బ్రుస్కెత్తా వంటి పేర్లు తెలుగు లిపిలో రాసి చదివితే వడ్డించేవారికి ఇట్టే అర్థమవుతాయి. మాంసం వద్దంటే ‘సెంత్సా కార్నె’, చేప వద్దంటే ‘సెంత్సా పెష్షె’, గుడ్లు వద్దంటే ‘సెంత్సా వోవా’, మాంసపు చారు వద్దంటే ‘సెంత్సా బ్రోదొ ది కార్నె’. ఈ నాలుగు మాటలనూ తెలుగులోనే ఒక చీటీ మీద రాసి, పాస్‌పోర్టుతో పాటు పెద్దల చేతిసంచిలో పెట్టి పంపండి.