డిగ్రీ లేకపోయినా పర్లేదు, చేతిలో టేపు మాత్రం ఉండాలి

మాది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం, వంశధార సముద్రంలో కలిసే చోటు. మా బీచ్, మా లైట్‌హౌస్ ఫొటోలు మీలో చాలామంది ఫోన్లో చూసే ఉంటారు. నేను చదివింది బీకాం. చేస్తున్న పని ఇంటీరియర్ డిజైన్. ఈ రెండింటికీ సంబంధం ఏంటని మా నాన్న ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

"నాకు ఇంటీరియర్ అంటే పిచ్చి. కోర్సు చెయ్యలేదు, చెయ్యడానికి డబ్బుల్లేవు. మొదలుపెట్టొచ్చా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మొదలుపెట్టొచ్చు. కానీ ఎలా మొదలుపెట్టకూడదో ముందు చెప్తాను. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

చిన్నప్పటినుంచీ ఇంట్లో సామాన్లు జరపడం నాకు అలవాటు. "ఈ గుంటకి కుదురు లేదు, పొద్దున్న ఉన్న చోట మంచం సాయంత్రానికి ఉండదు" అనేది అమ్మ. డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. పగలు లెక్కలు, రాత్రి ఫోన్లో కిచెన్ వీడియోలు. రెండేళ్లు చూసేసరికి నాకు అన్నీ వచ్చేశాయనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా పిన్ని వంటగది బాగుచేయించుకుంటానంది. నేను చేస్తాను పిన్నీ అన్నాను. బడ్జెట్ లక్షా నలభై వేలు. అది పిన్ని చీటీ పాడుకున్న డబ్బు.

మార్చిలో పని అయిపోయింది. తెల్లటి మెరిసే తలుపులు, నల్ల గ్రానైట్ గట్టు. ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. దసరాకి ఊరెళ్లి చూస్తే, కింది అల్మారాలు అడుగున ఉబ్బిపోయి ఉన్నాయి. తలుపులు మూసుకోవట్లేదు, బందులు తుప్పు పట్టాయి. వాటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. పిన్ని ఒక పీట వేసుకుని, దాని మీద నిలబడి కూర కలుపుతోంది.

"పిన్నీ, ఈ పీటేంటి?"

"ఏటీ లేదమ్మా. గట్టు కాస్త ఎత్తుగా ఉంది గదా. అలవాటైపోతాది."

ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడ నాకు చెప్పలేదు. పిల్ల బాధపడుతుందని.

ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. నేను గట్టు ఎత్తు 36 అంగుళాలు పెట్టించాను. అది నేను చూసిన అమెరికా వీడియోల్లోని కొలత. అక్కడ వంటగట్టుకి మామూలుగా ఉండే ఎత్తే అది. కానీ వాళ్ల పొయ్యి గట్టుతో సమానంగా అమర్చి ఉంటుంది. మన గ్యాస్ స్టవ్ గట్టు మీద పెడతాం. అంటే ఇంకో నాలుగైదు అంగుళాలు పెరిగినట్టే. మా పిన్ని ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఇంక ఆ స్టవ్ మీద గిన్నెలోకి ఆవిడ ఎలా చూస్తుంది?

అల్మారాల సంగతి మా ఊరి వడ్రంగి మేస్త్రి చెప్పారు. ఉబ్బిన అంచు మీద వేలు పెట్టి గీకితే పొడి రాలింది. "ఇది చెక్క కాదమ్మా, పొట్టు. నీళ్లు తాగిన పొట్టు ఏటవుద్ది?" అన్నారు. నేను వాడింది పార్టికల్ బోర్డు. చవగ్గా వచ్చింది, మెరుస్తోంది కదా అని తీసుకున్నాను. సముద్రం పక్కన ఇంటికి అది పనికిరాదన్న సంగతి ఏ వీడియోలోనూ నాకు కనపడలేదు.

డబ్బు తిరిగిస్తానంటే పిన్ని తీసుకోలేదు. అందుకని నెలకి ఐదు వేలు పక్కనపెట్టి, ఏడాదిన్నర తర్వాత ఆ వంటగదిని మళ్లీ చేయించాను. ఆ ఏడాదిన్నరలో దొరికిన ప్రతి ఆదివారం ఊరికి వెళ్లి ఆ మేస్త్రి వెనకే తిరిగాను. టేపు పట్టుకోవడం, మూలమట్టం పెట్టి చూడడం, రసమట్టంలో నీటి బుడగ ఎక్కడ ఆగాలో చూడడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాలేజీలో ఏం నేర్పిస్తారో, మనం సొంతంగా ఏం నేర్చుకోవాలో నాకు అక్కడే తెలిసింది. ఇవి వరసగా చెప్తాను.

మొదటిది కొలత. గది కొలతే కాదు, మనిషి కొలత కూడా. వంటచేసే మనిషి మోచెయ్యి మడిచి నిలబడితే, మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందకి గట్టు రావాలి. పిన్నికి లెక్కేస్తే 31, 32 అంగుళాలు వచ్చింది. బట్టల బీరువా లోతు రెండడుగులు లేకపోతే హ్యాంగర్ అడ్డంగా పట్టదు. భోజనాల బల్ల దగ్గర ఒక్కొక్కరికి రెండడుగుల వెడల్పు కావాలి. మనిషి ఇబ్బంది లేకుండా నడవాలంటే మూడడుగుల దారి వదలాలి. ఇవి బట్టీ పట్టక్కర్లేదు. మీ ఇంట్లో సుఖంగా ఉన్న కుర్చీని, ఇబ్బంది పెడుతున్న గట్టుని కొలిచి రాసుకోండి. తేడా ఎక్కడుందో మీకే కనపడుతుంది.

రెండోది సరుకు. ప్లైవుడ్ అంతా ఒకటి కాదు. దాని మీద ముద్ర ఉంటుంది, చదవండి. ఎమ్మార్ అని ఉంటే మామూలు తేమ వరకే తట్టుకుంటుంది, పడకగదికి చాలు. బీడబ్ల్యూఆర్ అంతకంటే గట్టిది. ఐఎస్ 710 అని ఉంటే అది మెరైన్ ప్లై, సింకు కింద వాడాల్సింది అదే. కొన్నాక కోసిన అంచులన్నీ మూయించాలి, తేమ లోపలికి దూరేది అక్కడినుంచే. బందులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి. అందులోనూ 304 కంటే 316 రకం ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది. హైదరాబాద్ ఇంట్లో పదేళ్లు నిలిచే సామాను మా ఊళ్లో రెండేళ్లు నిలవకపోవచ్చు. అందుకే మీరు ఏ ఊళ్లో పని చేస్తున్నారో ఆ ఊరి గాలి ముందు తెలుసుకోండి.

మూడోది గాలీ వెలుతురూ. ఒక కిటికీలోంచి వచ్చిన గాలి ఎదురు కిటికీలోంచి బయటికి పోవాలి. మధ్యలో బీరువా పెడితే ఫ్యాను ఎంత తిరిగినా ఉక్కపోతే. బల్బు పెట్టె మీద ఒక అంకె ఉంటుంది. 2700, 3000 అంటే పసుపు వెలుగు, 6500 అంటే తెల్లటి వెలుగు. పడుకునే చోట మొదటిది హాయిగా ఉంటుంది. వంట, చదువు దగ్గర 4000 బాగుంటుంది. ఒక్క బల్బు మార్చి చూడండి, గది మారిపోయినట్టు ఉంటుంది.

నాలుగోది గీత, లెక్క. మనసులో ఉన్నది మేస్త్రికి కనపడదు, కాగితం మీద ఉండాలి. గళ్ల కాగితం మీద అడుగుకి ఒక గడి చొప్పున గీయడం మొదలుపెట్టండి. తర్వాత స్వీట్ హోమ్ 3డీ, స్కెచప్ వెబ్ వెర్షన్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఫ్రాన్సిస్ చింగ్ రాసిన 'ఇంటీరియర్ డిజైన్ ఇలస్ట్రేటెడ్' లైబ్రరీలో దొరికితే వదలకండి, అందులో బొమ్మలే సగం పాఠం. ఇక ఖర్చు లెక్క రాసేటప్పుడు పదిహేను శాతం పక్కన పెట్టండి. గోడ తవ్వాక ఏం బయటపడుతుందో ఎవరికీ తెలీదు.

ఐదోది హద్దు. ఇది చాలా ముఖ్యం. మన దేశంలో ఇంటీరియర్ డిజైనర్‌గా పని చెయ్యడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆర్కిటెక్ట్ అన్న పేరు, 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే పెట్టుకోవాలి. మీ కార్డు మీద ఆ మాట రాసుకోకండి. గోడ తియ్యాలన్నా, స్లాబుకి కన్నం పెట్టాలన్నా ఇంజనీరుని అడగాలి. ఏసీకి, గీజరుకి వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చెయ్యాలి. "నాకు తెలీదు, తెలిసినవాళ్లని పిలుద్దాం" అంటే మన విలువ తగ్గదు.

చదవకుండా పెద్దవాళ్లయినవాళ్లు లేరా అంటే ఉన్నారు. జపాన్‌కి చెందిన తడావో ఆండో ఒకప్పుడు బాక్సర్. ఆర్కిటెక్చర్ కాలేజీకి వెళ్లలేదు. 1995లో ఆ రంగంలో పెద్ద బహుమతి అయిన ప్రిట్జ్‌కర్ ఆయనకి వచ్చింది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లో దీదీ కాంట్రాక్టర్ అనే ఆవిడ ఉండేవారు, 2021లో పోయారు. ఆవిడా ఆర్కిటెక్చర్ చదవలేదు. మట్టి, వెదురు, పలకరాయితో ఇళ్లు కట్టించారు, నారీ శక్తి పురస్కారం అందుకున్నారు. వీళ్ల పేర్లు చెప్పి "చదువు అనవసరం" అంటారు కొందరు. కానీ ఆండో సెకండ్‌హ్యాండ్ పుస్తకం కొనుక్కుని, అందులో లె కార్బూజియే గీసిన ప్లాన్లని మళ్లీ మళ్లీ దిద్దుకున్నారు. కాలేజీ మానేశారు తప్ప నేర్చుకోవడం మానలేదు.

అంతెందుకు, మా తీరంలో చుట్టిళ్లు చూడండి. గుండ్రటి మట్టి గోడ, కిందికి వాలిన తాటాకు కప్పు. గుండ్రంగా ఉంటే తుపాను గాలి ఒక గోడ మీద గుద్దకుండా పక్కకి జారిపోతుంది. చూరు కిందికి ఉంటే గోడ తడవదు, లోపల చల్లగా ఉంటుంది. అవి కట్టినవాళ్లకి డిగ్రీలు లేవు. కానీ ఎన్నో తుపాన్లు చూసి, పడిపోయినదాన్ని మళ్లీ కట్టి నేర్చుకున్నారు. 2018లో తిత్లీ తుపాను మా జిల్లాని కుదిపేశాక నేను ఏ ఇంటికి వెళ్లినా ముందు అడిగేది, "వాన ఎటునుంచి కొడతాది?" అని.

మరి ఎలా మొదలుపెట్టాలి? మీ సొంత గదితో. ముందు కొలవండి, గీయండి, మీ డబ్బుతో మార్చండి, ఒక వానాకాలం గడిచాక మళ్లీ చూడండి. తర్వాత ఒక మేస్త్రి దగ్గర కొన్నాళ్లు ఉండండి. ఆ తర్వాతే ఇంకొకరి ఇల్లు ముట్టుకోండి. చుట్టాలైనా సరే, ఏం చేస్తారో, ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వండి. కోర్సు చేసే వీలుంటే చెయ్యండి, నేర్చుకోవడానికి నాకు పట్టిన టైము, పోయిన డబ్బు మీకు మిగులుతాయి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన ఇష్టం మనది, కానీ ఖర్చయ్యే డబ్బు వాళ్లది. ఆ ఇంట్లో రోజూ నిలబడి వండేది వాళ్లే.

పిన్ని వంటగట్టు ఇప్పుడు 32 అంగుళాలు. ఆ పీట మాత్రం పారెయ్యనివ్వలేదు నేను. విశాఖపట్నంలో నా టేబుల్ కింద ఉంది. కొత్త పని ఒప్పుకునే ముందు ఒకసారి దాన్ని చూస్తాను.