ముసురు పట్టిందంటే రేడియో, పుస్తకమే తోడు

పుష్యమి కార్తెలో ముసురు పట్టిందంటే పాల్వంచ పరిసర పల్లెల్లో పొద్దు పొడిచిన సంగతి కూడా తెలియదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఇక్కడ అడవి మీద మబ్బు దిగుతుంది. రెండు మూడు రోజులపాటు చినుకు తెరిపి ఇవ్వదు. కిన్నెరసాని, ముర్రేడు వాగులు ఎర్రనీటితో పొంగుతాయి. బస్సు రాదు, బడి ఉండదు, కరెంటు పోతుంది. మంచు కురిసే దేశాల్లో బడులు మూసి అందరూ ఇళ్ళలో ఉండిపోయే రోజులుంటాయని అమెరికా వెళ్ళిన పిల్లలు ఫోనులో చెబుతుంటే ఇక్కడి పెద్దలు ఆశ్చర్యపోరు. పేరు వేరు కాని, పాల్వంచ వాసులకు ఆ రోజు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తూనే ఉంటుంది.

అయితే ముసురు అందరికీ విశ్రాంతి కాదు. నాట్ల కూలి ఆగిపోతే ఆ పూట గడవడమే కష్టం. పశువులకు మేత వేయడానికి యూరియా సంచిని మడిచి తలకు కప్పుకొని వెళ్ళవలసిందే. తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయడం ఆడవారికి మరో పరీక్ష. ఈ పనులన్నీ తెమిలాక, మొక్కజొన్న కంకులు కాలుతున్న పొయ్యి చుట్టూ ఇంటిల్లిపాదీ చేరిన తర్వాతనే రేడియో సంగతి.

1970, 80 దశకాల్లో ఈ ప్రాంతంలో రేడియో ఉన్న ఇల్లంటే పదిమందీ చేరే ఇల్లు. రేడియోకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుం చెల్లించేవారు. 1980ల మధ్యలో ఆ పద్ధతి రద్దయింది. సొంత సెట్టు లేనివారికి పంచాయతీ ఆఫీసు మీది మైకే గతి. వాన హోరులో ఆ మైకు మాట సగమే వినిపించేది, మిగతా సగం ఎవరికి తోచినట్లు వారు పూరించుకొనేవారు. ఉదయం ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, పాడిపంటల కార్యక్రమం, బాలానందం, సినిమాను గంటలో చెవులకు చూపించే సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేవి. వీటన్నిటికీ వేళలుండేవి కాబట్టి గడియారం లేని ఇళ్ళలో అన్నం వేళలు కూడా వాటిని బట్టే సాగేవి.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం పోటీ లేదు. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ రామాయణమో భారతమో చెబుతుంటే చుట్ట కాల్చేవారు సైతం ఆర్పి కూర్చొనేవారు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ఆయన ప్రత్యక్ష వ్యాఖ్యానం చెప్పేవారు కనుక, ఆ గొంతు ఈ ప్రాంతం వారికి బంధువు గొంతులా తోచేది. 1990లో ఆయన కన్నుమూశారు. ఆ గొంతును అనుకరించి చూపేవారు నేటికీ పల్లెల్లో ఉన్నారు.

ముసురులో రేడియోకు రెండు కష్టాలు. ఉరిమినప్పుడల్లా మీడియంవేవు గరగరమంటూ మాట మింగేసేది. రెండోది సెల్లులు. అంగడికి వెళ్ళే దారి లేని రోజున గొంతు సన్నబడిపోతుంటే, సెల్లులు తీసి పొయ్యి గట్టు మీద వెచ్చబెట్టి తిరిగి వేసేవారు. దీనిని చాదస్తమని తోసిపుచ్చనక్కరలేదు. గోరువెచ్చనయితే సెల్లు మరికొంత సేపు పనిచేస్తుంది. నిప్పుకు మరీ దగ్గరగా పెట్టి పేల్చుకున్న వారి సంగతి వేరు.

ఇందులో విచిత్రమేమంటే, పాల్వంచ 1960ల నుంచి కరెంటు పుట్టే ఊరు. కిన్నెరసాని జలాశయం నీటితో నడిచే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు పల్లెలకు కనబడుతూనే ఉండేవి. గాలివాన వస్తే ఆ పల్లెల్లోనే కిరోసిన్ బుడ్డి వెలిగించుకొనేవారు. దీపం కింద చీకటి అంటే ఇదేనని ఆనాడు హాస్యమాడని వారు లేరు.

బుడ్డి వెలుతురులో చదివేవారు ఒక్కరు, వినేవారు పదిమంది. 1947లో మొదలైన చందమామ పిల్లల పేరిట ఇంటికి వచ్చేది, ముందు తాత చదివేవారు. ఆ పత్రిక ఇప్పుడు అచ్చు కావడం లేదు. పట్టణంలో అద్దె పుస్తకాల కొట్ల నుంచి తెచ్చిన యద్దనపూడి సులోచనారాణి నవల ముసురు పడితే ఇంటి నుంచి ఇంటికి చేతులు మారేది. పుస్తకం తడిస్తే పూర్తి ధర కట్టమంటారని చీరకొంగులో చుట్టి తీసుకెళ్ళేవారు. 1980ల తొలి ఏళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వచ్చాక చేతబడి కథ చదివి, చీకట్లో ఒంటరిగా పెరట్లోకి వెళ్ళడానికి జంకిన వారెందరో. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి దారంతో కుట్టుకున్న బొత్తులు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి.

విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' కావ్యానికి మాత్రం ఇక్కడ ప్రత్యేక స్థానం ఉండాలి. అత్త పోరు పడలేక కరిగి వాగై పారిన కోడలి కథ అది. భర్త రాయైపోతాడు. బయట ఆ వాగే హోరెత్తుతుండగా లోపల ఆ కథ చదివించుకొనే అవకాశం ఎన్ని ఊళ్ళకు ఉంటుంది? ఆ వాగు ఒడ్డున పుట్టి ఆ పుస్తకం చూడని పిల్లలు చాలామంది ఉండడం విచారకరం.

టెలివిజన్ వచ్చాక దృశ్యం మారింది. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలై 1988 జూలై 31 దాకా ఆదివారాలు నడిచింది. భాష హిందీ అయినా కథ తెలిసిందే కనుక ఎవరికీ అడ్డు కాలేదు. గాలికి ఏంటెన్నా తిరిగిపోతే వానలో గోడ ఎక్కి తిప్పేవాడొకడు, లోపలి నుంచి "వచ్చింది, పోయింది" అని కేకవేసేవాడొకడు. ఎక్కినవాడికి ఆ వారం రామాయణం దక్కేది కాదు.

కాలక్షేపం సరే, గోదావరి పెరుగుతున్న రాత్రి రేడియో విలువ వేరు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరింది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు కిన్నెరసాని నీరు అందులో కలవలేక వెనక్కు తన్నుతుంది. అందువల్ల బూర్గంపాడు వైపు పల్లెల వారికి ఆ అంకె కేవలం వార్త కాదు, మూట కట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం. అటువంటప్పుడు పాటలు వస్తున్నా ఎవరి మనసూ పాట మీద ఉండదు. అందరూ తరువాతి వార్తల కోసమే ఎదురుచూస్తారు.

2022 జూలైలో మళ్ళీ అదే పరిస్థితి ఏర్పడింది. వానల వల్ల రాష్ట్రమంతటా జూలై 11 నుంచి 16 వరకు బడులకు సెలవు ఇచ్చారు. జూలై 16న భద్రాచలం వద్ద మట్టం 71.3 అడుగులకు చేరింది. పిల్లలకు మొదటి రోజు సెల్‌ఫోనులో సినిమాలతో గడిచిపోతుంది. కరెంటు పోయి, ఛార్జింగు అయిపోతే రెండో రోజు నుంచి ఇల్లు నిశ్శబ్దం. చేతిలో ఫోను ఉన్నా నీటిమట్టం ఎంతయిందో తెలియదు. మూలన పడేసిన చిన్న ట్రాన్సిస్టరును దుమ్ము దులిపి, రెండు సెల్లులు వేస్తే కొత్తగూడెం ఆకాశవాణి పలుకుతుంది. ఎఫ్.ఎం. కనుక ఉరుముల గరగర కూడా ఉండదు. వానాకాలానికి ముందే కిరాణాతో పాటు నాలుగు సెల్లులు కొని పెట్టుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు.

పుస్తకాల విషయంలోనూ పల్లెవాసులు అడగదగిన మాట ఒకటుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది. అంటే పుస్తకం చదవని ఇల్లు కూడా దానికి డబ్బు కడుతున్నట్లే. పెరటి గడప దాటలేని రోజు వచ్చే ముందే, తెరిపి ఉండగా గ్రంథాలయం నుంచి రెండు పుస్తకాలు తెచ్చుకుంటే ఆ పైసలకు కొంతైనా ఫలం దక్కుతుంది.

ముసురు వెలిసిన రోజు పుస్తకాలకూ పని ఉంటుంది. చెమ్మ పట్టిన పుటలను నీరెండలో విప్పి ఆరబెట్టి, మధ్యలో ఎండిన వేపాకు పెట్టి మూసేస్తారు. పక్కనే ధాన్యం, గొంగళ్ళు, పిల్లల బడి సంచులు ఆరుతుంటాయి. వాగు మీద కల్వర్టు తేలిందో లేదో చూసి రమ్మని పంపిన కుర్రవాడు, మోకాటి లోతు ఉందని, రేపటికి గాని బస్సు రాదని కబురు తెస్తాడు.