పావుగంట చదువు

కరోనాతో బళ్లు మూతపడి ఉండగా, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో బడి పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పైవాళ్లకు ఏ రోజు ఏ పాఠమో పట్టిక వచ్చింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అందులో చోటు దొరకలేదు. ఆరేళ్ల పిల్లను టీవీ ముందు కూర్చోబెట్టి ఒత్తులు నేర్పడం ఎంత అనుభవమున్న టీచర్‌కైనా కష్టమే కాబట్టి, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ దాంతో ఆ పిల్లల చదువు మొత్తం ఇంటి మీద పడింది. ప్రాథమిక తరగతుల పిల్లలు ఇంట్లో ఏమేం చేయవచ్చో చెబుతూ ఎన్‌సీఈఆర్‌టీ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఒక ప్రత్యామ్నాయ క్యాలెండర్ విడుదల చేసింది. పొద్దున కూలికి వెళ్లి పొద్దుగూకాక వచ్చే తల్లి దాకా అది చేరాలంటే మాత్రం చాలా దూరం ప్రయాణించాలి.

ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2022లో మూడో తరగతికి వచ్చారు. గ్రామీణ పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే ఆ సంవత్సరం వాళ్లను కలిసింది. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 2018లో 27.3 శాతం ఉంటే, 2022లో 20.5 శాతానికి తగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు, తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడిపోయారు. ఈ అంకెల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది 2018 నాటి అంకె. బళ్లన్నీ తెరిచి ఉన్నప్పుడు కూడా మన రెండు రాష్ట్రాల్లో అయిదుగురిలో దాదాపు నలుగురికి ఆ పాఠం చదవడం రాలేదు. కాబట్టి ఇంటి దగ్గర చదువు ఎలా మొదలుపెట్టాలన్న ప్రశ్న కరోనాతో ముగిసిపోలేదు. వేసవి సెలవులున్నాయి, వలస వెళ్లే కుటుంబాలున్నాయి, జ్వరాలతో నెలల తరబడి బడి మానేసే పిల్లలున్నారు.

ఈ ప్రశ్నకు మంచి జవాబుల్లో ఒకటి ఆఫ్రికాలోని బోట్స్వానా నుంచి వచ్చింది. 2020లో అక్కడ బళ్లు మూతపడగానే పరిశోధకులు మూడు నుంచి అయిదో తరగతి పిల్లలున్న దాదాపు 4,500 కుటుంబాలను ఎంచుకున్నారు. కొన్ని కుటుంబాలకు వారానికోసారి నాలుగైదు లెక్కలు మామూలు ఎస్సెమ్మెస్‌గా పంపారు. మరికొన్నిటికి ఎస్సెమ్మెస్‌తో పాటు వారానికోసారి ఫోన్ చేసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల పాటు తల్లితో, పిల్లతో మాట్లాడారు. ఇంటర్నెట్ వాడలేదు, వీడియోలు పంపలేదు. ఎనిమిది వారాలు గడిచాక చూస్తే, సందేశాలు మాత్రమే అందుకున్న పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఫోన్‌లో మాట్లాడిన పిల్లల్లో కూడికలు, తీసివేతలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. వాళ్ల తల్లిదండ్రులకు తమ బిడ్డకు ఏ లెక్క వచ్చో, ఏది రాదో ముందుకంటే బాగా తెలిసింది. 2022లో వెలువడిన ఈ ఫలితాన్ని తర్వాత భారత్‌తో సహా అయిదు దేశాల్లో మళ్లీ పరీక్షిస్తే అక్కడా మేలే కనిపించింది.

బోట్స్వానాలో రెండు గుంపులకూ చేరిన లెక్కలు ఒకటే. ఫోన్‌లో అదనంగా జరిగిందల్లా ఒక మనిషి ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగడం. కొన్ని కుటుంబాల్లో పిల్ల స్థాయిని బట్టి లెక్క ఇచ్చారు. నలభై మంది ఉన్న తరగతి గదిలో టీచర్ ఎంత తపించినా ఒక్కో పిల్లకు రోజూ ఇంత సమయం ఇవ్వలేదు. ఇల్లు ఇవ్వగలదు. అందుకే ఇంటిని చిన్న బడిగా మార్చాలని చూడటం, గంటలు కొట్టి పీరియడ్లు పెట్టడం, పేజీల కొద్దీ చూసిరాత రాయించడం దండగ శ్రమ అని నా నమ్మకం.

చూసిరాత కంటే ప్రశ్న ఎందుకు మేలో జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధన చెబుతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు రెండు పాఠాలు ఇచ్చారు. వాళ్లు ఒకదాన్ని మళ్లీ చదివారు. రెండోదాన్ని ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివిన పాఠమే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత అందులో గుర్తున్నది 42 శాతం, పుస్తకం మూసి రాసినదాంట్లో 56 శాతం. గుర్తుచేసుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. చిన్నపిల్లల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే వాళ్ల దగ్గర ఒక చిక్కుంది. వాళ్లు గుర్తుచేసుకుంటున్నట్టే కనిపిస్తారు గానీ, గుర్తొచ్చేది వరస మాత్రమే.

ఒకటో తరగతి దాటిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని క గుణింతం చెప్పమనండి. గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. తర్వాత పలక మీద ‘కె’ ఒక్కటే రాసి చూపించండి. చాలామంది పిల్లల పెదవులు కదలడం మొదలవుతుంది: క, కా, కి, కీ, కు, కూ, కృ, కౄ, కె. అక్కడికి చేరితే గానీ జవాబు రాదు. ఒక అక్షరం తర్వాతి అక్షరాన్ని గుర్తుచేస్తూ పోయే గొలుసు అది. మధ్యలో పట్టుకుంటే తెగిపోతుంది. ఇప్పుడా పిల్ల ‘కెరటం’ అన్న మాట చదవాలనుకోండి. మొదటి అక్షరం కోసం ఎనిమిది అక్షరాలు దాటి రావాలి. మనసులో అప్పటికప్పుడు పట్టి ఉంచుకోగలిగే శక్తి ఆరేడేళ్ల వయసులో చాలా తక్కువ. ‘ట’ దగ్గరికి వచ్చేసరికి ‘కె’ చేజారిపోతుంది. అక్షరాలన్నీ వచ్చినా పిల్లకు చదవడం రావడం లేదని తల్లి బాధపడేది ఇందుకే. ఎక్కాల సంగతీ అంతే. ఏడు ఎనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి మొదలుపెట్టే పిల్లకు ఎక్కం వచ్చినట్టు కాదు.

గుణింతం కంఠస్థం చేయడం తప్పని కాదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు. పాత శుభలేఖల అట్టల్ని ముక్కలుగా కత్తిరించి ఒక్కో దాని మీద ఒక్కో అక్షరం రాస్తే చాలు. కలిపేసి, ఏది పైకి వస్తే అది చదవమనాలి. కె తో పాటు తె, పె, మె కూడా పక్కపక్కన పెడితే, నాలుగింటి నెత్తిన ఉన్న ఎత్వం ఒక్కటేనని పిల్ల తనంతట తనే పట్టేస్తుంది. ఆ తర్వాత చూడని అక్షరాన్ని కూడా చదవగలుగుతుంది. రోజుకు కొత్తవి మూడు చాలు, వాటిలో నిన్నటివి, మొన్నటివి కొన్ని కలపాలి. ఒకేసారి నేర్చినవి త్వరగా జారిపోతాయనీ, విడతలు విడతలుగా నేర్చినవి నిలుస్తాయనీ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు.

తెలుగు చదవడానికి సమయం పడుతుందని కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. ఇరవై ఆరు అక్షరాల ఇంగ్లీషుతో దీన్ని పోల్చకూడదు. ఒక్కో హల్లుకూ గుణింతం, ఆపైన ఒత్తులు కలిస్తే పిల్ల గుర్తుపట్టాల్సిన రూపాలు కొన్ని వందలవుతాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో, అక్షరాల మీద పూర్తి పట్టు ఒకటి రెండేళ్లలో రాదని, ప్రాథమిక తరగతుల పొడవునా అది సాగుతూనే ఉంటుందని తేలింది. రెండో తరగతి పిల్ల ‘స్త్రీ’ దగ్గర ఆగిపోతే బుద్ధి మందగించిందని కంగారుపడే పని లేదు.

అంకెలకు ఇంకా తేలికైన దారి ఉంది. 2008లో సీగ్లర్, రమణి అమెరికాలోని పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఒక ఆట ఆడించారు. ఒకటి నుంచి పది దాకా వరసగా గడులున్న బోర్డు, రెండు వారాల్లో నాలుగు సార్లు, సారికి పావుగంట. అంతలోనే పిల్లలకు ఏ సంఖ్య పెద్దది, ఏది ఎంత దూరంలో ఉంటుంది అన్న అంచనా గట్టిగా మెరుగుపడింది. అంకెల బదులు రంగులున్న బోర్డుతో ఆడినవాళ్లకు అది రాలేదు. మన ఇళ్లలో వైకుంఠపాళి ఎప్పటి నుంచో ఉంది. ఆడించేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు. ముప్పై అయిదో గడిలో ఉండి రెండు పడితే ‘ఒకటి, రెండు’ అని కాకుండా ‘ముప్పై ఆరు, ముప్పై ఏడు’ అంటూ కాయ జరపాలి. ఈ చిన్న మార్పుతోనే నేర్చుకోవడంలో తేడా వస్తుందని 2014లో లాస్కీ, సీగ్లర్ చూపించారు.

మాకే చదువు రాదు, పిల్లలకేం చెబుతాం అనే తల్లిదండ్రులు రెండు రాష్ట్రాల్లోనూ లక్షల్లో ఉన్నారు. బిహార్, రాజస్థాన్ గ్రామాల్లో తల్లులకు అక్షరాలు నేర్పుతూ, పిల్లలతో ఇంట్లో చేయించాల్సిన పనులు కూడా చూపిస్తే ఏమవుతుందో రుక్మిణీ బెనర్జీ, జేమ్స్ బెర్రీ, మార్క్ షాట్లండ్ పరిశీలించారు. పిల్లల లెక్కల్లో వచ్చిన మేలు చిన్నదే, కానీ వచ్చింది. అట్ట ముక్కలు కలపడానికి, గవ్వలు వేయడానికి, ‘ఎలా వచ్చింది?’ అని అడగడానికి చదువు రానక్కర్లేదు. లంబాడీ, కోయ, గోండి, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ మాటలన్నీ ఆ భాషలోనే సాగాలి. తెలియని భాషలో తల్లి తడుముకుంటూ అడిగే ప్రశ్న కంటే, తన భాషలో చనువుగా అడిగేదే పిల్లతో ఎక్కువ మాట్లాడిస్తుంది. తెలుగు చదవగలిగి ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు ప్రభుత్వ పాఠ్యపుస్తకమే సాయపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో వస్తోంది. తెలుగు పేజీ చదివి కథ చెప్పించుకుని, తర్వాత ఎదురు పేజీ తిరగేయవచ్చు.

తప్పు చెప్పినప్పుడు పెద్దలు కోప్పడితే ఇదంతా వృథా. భయపడిన పిల్ల మనసు లెక్క మీద ఉండదు, ఎదుటి ముఖం మీద ఉంటుంది. పైగా తప్పులో చాలాసార్లు ఒక తర్కం ఉంటుంది. నూట అయిదు రాయమంటే 1005 అని రాసే పిల్ల విన్నది విన్నట్టే రాసింది: నూరు, దాని పక్కన అయిదు. అరవడం వల్ల ఆ తర్కం మారదు. వంద నోటు ఒకటి, రూపాయి బిళ్లలు అయిదు ముందు పెట్టి, ‘పది రూపాయల నోట్లు ఎన్ని ఉన్నాయి?’ అని అడిగితే, లేవని చెప్పి, మధ్యలో ఒక్క సున్నా చాలని తనే గ్రహిస్తుంది.

ఇలా చూసిన సంగతులు టీచర్‌కు చేర్చడం కూడా ఇంటి పనే. ‘మా పాప సరిగా చదవడం లేదు మేడమ్’ అంటే ఆమెకు దొరికేది ఏమీ ఉండదు. ‘ఇరవై అయిదు బాగానే రాస్తోంది, నూరు దాటితే సున్నాలు ఎక్కువ వేస్తోంది’ అని చెబితే, మర్నాడు ఆ పాపను ఏ గుంపులో కూర్చోబెట్టాలో, ఏ లెక్కతో మొదలుపెట్టాలో ఆమెకు అప్పుడే తెలిసిపోతుంది.