ఆట రాలేదు, పాట వచ్చింది

మా పిన్ని కూతురు 2010లో ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వెళ్లింది. ఆ మరుసటి ఏడాది ఎప్పుడు ఫోన్ చేసినా వెనకనించి ఏదో సంగీతం వినబడుతుండేది. వయొలిన్, గిటార్, డ్రమ్స్ కలిసి ఆరుబయట పరుగులు తీస్తున్నట్టు! ఏ సినిమాలోదే అని అడిగితే, "సినిమా కాదక్కా, వీడియోగేమ్. ఆట ఇంకా ఇక్కడికి రాలేదు, పాటలు మాత్రం వింటున్నాం" అంది.

ఆడని ఆటకి పాటలేమిటని నవ్వాను. నవ్వాను గానీ, చిన్నప్పుడు మనం చేసింది మాత్రం ఏమిటి? సినిమా రాకముందే క్యాసెట్ కొని, పాటలన్నీ నోటికొచ్చాక హాలుకి వెళ్లలేదూ!

ఆ ఆట పేరు జెనోబ్లేడ్. జపాన్‌లో మోనోలిత్ సాఫ్ట్ అనే సంస్థ తయారుచేస్తే, నింటెండో వాళ్ల వీ యంత్రం మీద 2010 జూన్ 10న విడుదలైంది. పోట్లాడుకుంటూ ఉన్నపళంగా కొయ్యబారిపోయిన ఇద్దరు మహాకాయులు, వాళ్ల ఒంటిమీదే ఊళ్లు కట్టుకున్న జనం... అదీ కథ. అందులో ఒకడి కాలి మీద పేద్ద గడ్డిమైదానం ఉంటుంది. నాకు ఫోన్లో వినబడిన పరుగు దానిదేనట.

జపాన్ నించి తెప్పించుకుని ఆడుకోరాదా అన్నాను. అక్కడి డిస్కు అమెరికా యంత్రంలో ఆడదట. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం తాళం! పైగా 2011 ఆగస్టు 19న యూరప్‌లో ఇంగ్లీషు మాటలతోనే విడుదలైంది. అంటే అనువాదం శ్రమ కూడా తీరిపోయింది. వడ్డించిన విస్తరి పక్కింటి అరుగు మీద కనబడుతుంటే ఎలా ఉంటుందో చూసుకోండి.

పాటల సీడీకి మాత్రం ఆ తాళం లేదు. ఆట వచ్చిన రెండు వారాల్లోపే జపాన్‌లో నాలుగు సీడీల సెట్టు విడుదలైంది. మా చెల్లీ, ఆమె రూమ్మేటూ డబ్బులు పోగేసి దాన్ని తెప్పించుకున్నారు. పాటల పేర్లు జపనీస్‌లో ఉంటే తమకి తోచిన పేర్లు పెట్టుకున్నారు. ఒకదానికి మా చెల్లి పెట్టిన పేరు 'అమ్మ ఫోన్'. అది వింటే ఏడుపొస్తుందట.

నాకు బాగా నచ్చిన సంగతొకటి చెబుతాను. అందులో ఒక్కో చోటుకి పగలొక పాట, రాత్రొక పాట. వరస అదే, చీకటి పడగానే నెమ్మదిస్తుంది, వాయిద్యాలు పలచబడతాయి. తెల్లారితే భూపాలం, పడుకోబోయేముందు నీలాంబరి అని విన్న మనకి ఇది కొత్తగా అనిపించదు కదూ.

ఈ సంగీతం కట్టింది ఆరుగురు. అందులో ముగ్గురు ఆడవాళ్లు. పెద్దామె యోకో షిమోమురా. ఒసాకా సంగీత కళాశాలలో పియానో చదివింది, టీచరు ఉద్యోగమూ సిద్ధంగా ఉంది. అదొదిలేసి 1988లో క్యాప్‌కామ్ అనే వీడియోగేమ్ కంపెనీలో చేరింది. అంత ఖరీదైన చదువు చెప్పించింది ఇందుకా అని ఇంట్లోవాళ్లు బాధపడ్డారట. మన మగపిల్లలు పార్లర్లలో బిళ్లలు వేసి ఆడిన స్ట్రీట్ ఫైటర్ 2కి సంగీతం చాలాభాగం ఆమెదే! ఎమ్మెస్‌కి పంపితే ఆటల పాటలు వింటోందని మా పిన్ని గోలపెట్టినప్పుడల్లా నేను ఈమె కథే చెప్పేదాన్ని. పిన్ని వినేది కాదనుకోండి, అది వేరే సంగతి.

అమెరికాలో అభిమానులు ఊరుకోలేదు. 2011లో ఆపరేషన్ రెయిన్‌ఫాల్ అని పేరుపెట్టి నింటెండోకి ఉత్తరాలు గుప్పించారు. మోనాడో అనే పాతపేరుతో అమెజాన్‌లో పడి ఉన్న ఆటకి అందరూ ముందుగా ఆర్డర్లు పెట్టి జాబితాలో పైకెక్కించారు. మా చెల్లి చేత్తో ఉత్తరం రాసింది. ఇంటికి రెండేళ్లలో ఒక్కటీ రాయలేదని పిన్నికి మళ్లీ కోపం.

చివరికి 2012 ఏప్రిల్ 6న వచ్చింది. గుహ దాటి మైదానంలోకి అడుగుపెట్టగానే ఆ పాట మొదలైందట. ఇద్దరూ రిమోట్ పక్కన పెట్టేసి, ఆట ఆడకుండా కూర్చుని విన్నారట. 'అమ్మ ఫోన్' మాత్రం తీరాచూస్తే ఓ చిత్తడినేల రాత్రిపాట. పగలంతా మంచుకప్పి దిగులుగా ఉండే ఆ చోటు రాత్రికి చెట్లన్నీ వెలుగుతాయట. "మోసమా?" అనడిగాను. "కాదక్కా, వెలుగుతుందని తెలీక ఏడ్చాను" అంది.

2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఆ ఆటే కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. సంగీతం చాలావరకు కొత్తగా వాయించి రికార్డు చేశారు. పాతది కావాలంటే అదీ పెట్టుకోవచ్చు. వీడియోకాల్‌లో మా చెల్లి తన నాలుగేళ్ల కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడుతోంది. వెనక వినబడుతున్నది పాతదే.