తడి ఎక్కడ? పొడి ఎక్కడ? – వరద లెక్కలలో ఒక చిక్కు

2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసింది. ఆనాటి వేకువనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో ఆకేరు పొంగింది. అదే రోజున ఇంటికన్నె–కేసముద్రముల మధ్య రైలుపట్టాల కింది కట్ట కొట్టుకొనిపోయింది.

ఇట్టి వరద ఏ యింటి గడపదాకా, ఎప్పటికి వస్తుందో ముందుగా తెలుసుకొనడానికి కంప్యూటరు ఉపకరిస్తుంది. వాగును, ఇరుదరుల నేలను చదరంగపు బల్లవలె గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోను నీటి లోతును, వేగమును క్షణక్షణమూ గణిస్తారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సేంట్ వెనాంట్ 1871లో ప్రకటించిన సమీకరణములు ఇందుకు ఆధారము. అయితే అవి నీరున్నచోటనే వర్తిస్తాయి. తడికీ పొడికీ నడుమనున్న ఎల్ల మాత్రము ఒకచోట నిలవదు. చిక్కంతా అక్కడే.

ఒక ఉదాహరణ చూతము. 10 మీటర్ల భుజముగల చతురస్రపు గడిలో 1 మిల్లీమీటరు లోతు నీరున్నది. అంటే 100 లీటర్లు. సెకనుకు 50 లీటర్ల చొప్పున బయటికి పోతున్నదని లెక్క తేలింది. 5 సెకనులకు ఒకసారి గణిస్తే 250 లీటర్లు పోవాలి. అప్పుడు లోతు మైనస్ 1.5 మిల్లీమీటర్లు అవుతుంది! దానిని సున్నగా దిద్ది ఊరుకుంటే, లేని 150 లీటర్లు పుట్టించినట్లే. లక్ష గళ్ళలో ఇట్లు జరిగితే 1.5 కోట్ల లీటర్ల దొంగనీరు చేరుతుంది.

దీనికి మూడు ఉపాయములున్నవి. మొదటిది: ఉన్న నీటికి మించి గడి దాటనీయరాదు. పై లెక్కలో ప్రవాహమును 2/5 వంతుకు తగ్గించి, పక్కగడికి 100 లీటర్లే జమకట్టాలి. రెండవది: ప్రవాహమును లోతుతో భాగిస్తే వేగము వస్తుంది గనుక, లోతు సున్నకు చేరువైనప్పుడు వేగము అర్థములేకుండా పెరిగిపోతుంది. అందుచేత ఒక కనీసపు లోతును నిర్ణయించి, అంతకు తక్కువైనచోట వేగమును సున్నగా తీసుకొంటారు. నీటిని మాత్రము లెక్కలో ఉంచుతారు. మూడవది: పొడిగడి నేల పక్కగడి నీటిమట్టముకంటె ఎత్తుగా ఉంటే, నడుమ గోడ ఉన్నట్లే భావించాలి.

ఈ పద్ధతి సరియైనదో కాదో పరీక్షించడము సులభము. జనగామ ప్రాంతపు చెరువువంటి నిశ్చలజలమును కంప్యూటరుకు అప్పగించాలి. ఎంతసేపు గణించినా నీరు కదలరాదు, మొత్తము మారరాదు.

కనీసపు లోతును ఎంచుకొనడములోనే వివేకము కావాలి. అది 10 సెంటీమీటర్లయితే, ప్రతి గడిలోను అంత నీరు నిండినగాని వరద ముందుకు సాగదు. లెక్క నిలకడగానే ఉంటుంది. కాని కంప్యూటరులో వరద ఊరు చేరేది ఆలస్యముగా. నిజమైన వాగు అంతవరకు ఆగదు. నిద్రలోనున్న పల్లెను మేలుకొలపడానికి అక్కరకువచ్చే సమయము అక్కడే పోతుంది.